చెన్నపట్టణపు బావినీరు

మన సంస్కృత నిఘంటువులలో నీటికి పర్యాయపదములు పెక్కు గలవు. జీవనము, అమృతము అనునవి వానిలోనివే. విషశబ్దమునకు గూడ జలమను నర్థమును ఆ నిఘంటువులే చెప్పుచున్నవి. అమృతమును విషమును ఒకే వస్తువునకు పేర్లగుట, కోశము వల్లెవేసిన దినములలో నాకు మిక్కిలి వింతగా తోచెడిది. గురుముఖమున చదువుకొనినవాడను గాను గనుక అడుగుటకు ఎవ్వరును లేకుండిరి. చెన్నపట్టణపు బావుల వృత్తాంతము తెలిసికొన్న పిదప ఆ వింత తీరినది.

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, రాజుల కథయో కోటల కథయో వ్రాయుదునని వారు తలచియుందురు. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను. జమయు ఖర్చును గల చరిత్రయే నా మనస్సునకు పట్టును. ఒక నగరము తన పాదముల క్రిందనున్న నీటిని ఎంత తీసికొనెను, ఎంత తిరిగి యిచ్చెను, నిలువ యేమి మిగిలెను అను పద్దు వ్రాయదగినదని తోచినది. చెన్నపట్టణము నేడు అన్యరాష్ట్ర రాజధానియైనను మనకు పరాయిది కాదు. 1639లో ఆ యిసుకతీరమును ఇంగ్లీషు కుంఫిణీవారికిచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు తెలుగు ప్రభువు. ఊరి పేరు ఆయన తండ్రియైన చెన్నప్ప నాయకునిది. 1996లో కృష్ణాజలము పూండి జలాశయమును చేరినది మొదలు, ఆ నగరపు దప్పిక తీర్చు కాలువ మన నెల్లూరు సీమ మీదుగనే పోవుచున్నది. వారి బావుల కథ మన కథతో ముడివడియున్నది.

చెన్నపట్టణమునకు జీవనది లేదు. కూవము, అడయారు నగరము గుండా పోవు చిన్న నదులు. ఉత్తరమున కుశస్థలి, ఆరణి నదులు వానకాలమున పారి తక్కిన దినములలో ఇసుకమేటలై యుండును. ఈ రెంటి నీటిలోను కొంత మన చిత్తూరు సీమ కొండలలో కురిసిన వానయే. వర్షము ఏటికి సుమారు 1,400 మిల్లీమీటర్లు కురియును. అందు పెద్దపాలు ఈశాన్య ఋతుపవనము వలన ఆశ్వయుజ కార్తిక మార్గశిరములలో రెండు మూడు తుపానులతో వచ్చిపడును. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఇంత వాన పడినచో 140 కోట్ల లీటర్లగును. అది తక్కువ జమ కాదు. అయితే అందు ఎంత భాగము భూమిలోనికి ఇంకుననునది నేలను బట్టి యుండును. నగరమున కొన్నిచోట్ల క్రింద నల్లరాయి గలదు, కొన్నిచోట్ల బంకమన్ను గలదు. నదుల వెంట ఒండ్రును, కడలి వెంట ఇసుకయు గలవు. నీటిని పట్టి నిలుపుకొనునవి ఈ కడపటి రెండే.

మన తీరగ్రామములవారికి ఇసుకనేల స్వభావము వేరుగా చెప్పనక్కరలేదు. అలలు కొట్టుచోటికి కూతవేటు దూరములో చేతులతో చెలమ త్రవ్వినను తీయని నీరు ఊరును. మరి రెండు బారలు లోతునకు పోయినచో ఉప్పునీరు తగులును. పల్లెకారులు తరతరములుగా ఈ మర్మమెరిగి చెలమను లోతు చేయక వెడల్పు చేసికొందురు. తిరువాన్మియూరు మొదలు దక్షిణముగా సాగిన ఇసుకమేటలలో చెన్నపట్టణపువారికిని ఇట్టి నిధియే యుండెను. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమును నేలలోని నీటి కొరకే వ్రాసెను. ఆకాశమునుండి పడు నీరు ఒకే రంగు, ఒకే రుచి గలదనియు, పడిన భూమిని బట్టి నానా రుచులను పొందుననియు, కావున నీటిని నేలతో పాటుగ పరీక్షింపవలెననియు ఆయన తాత్పర్యము. చెడిన బావినీటిని తేర్చుటకు ఉసిరిక, తుంగముస్తెలు, వట్టివేళ్లు మొదలగువానితో చిల్లగింజను చేర్చి వేయు విధమును గూడ చెప్పెను. చెట్లను, పుట్టలను బట్టి నీటిజాడ చెప్పిన ఆయన గురుతులన్నియు నిలుచునని నేననను. నేలను విడిచి నీటిని పరీక్షింపరాదన్న మాట మాత్రము నేటి రసాయనశాలలోను చెల్లుచున్నది.

కుంఫిణీవారు 1772లో కోటలోని దండునకు మంచినీరు అందించుటకై పెద్దనాయకనిపేట ఉత్తరభాగమున బావులు త్రవ్వించిరి. ఏడు బావులని వానికి పేరు. తమిళులు ఏళుకిణరు అందురు. ఆ పేరుగల వీథి నేటికిని కలదు. ఆ నీటిని గొట్టముల ద్వారా కోటకు చేర్చిరి. కడలికి అంత చేరువ బావులు అన్ని యేండ్లు దండునకు నీరిచ్చుట చూడగా, నాటి నేలలోని నిలువ ఎంత పుష్టిగా నుండెనో ఊహింపవచ్చును.

జనము పెరిగిన కొలది ఇంటిబావులు, మరుగుగుంటలు పెరడున ప్రక్కప్రక్కనే చేరినవి. పందొమ్మిదవ శతాబ్దమున విశూచి మాటిమాటికి ప్రబలిన యూళ్లలో చెన్నపట్టణమొకటి. ఫ్రేజరను ఇంజనీరు పథకమును అనుసరించి తామరైపాకము వద్ద కుశస్థలికి ఆనకట్ట కట్టి, ఆ నీటిని చోళవరము చెరువునకును, అచ్చటినుండి ఎఱ్ఱకొండల చెరువునకును మళ్లించి, 1872లో కాలువ ద్వారా కీల్పాకమునకు తెచ్చిరి. 1914లో వడపోత కేంద్రమేర్పడెను. నగరాధ్యక్షుడుగా సత్యమూర్తి పట్టుబట్టి పని ప్రారంభింపజేసిన పూండి జలాశయము 1944లో పూర్తియయ్యెను. అప్పటికి ఆయన గతించి ఒక యేడయ్యెను. ఇవన్నియు మెచ్చదగిన పనులే. అయినను వీనివలన ఒక నష్టము గలిగెనని నా యభిప్రాయము. కొళాయి వచ్చిన యింట బావిని చూచువాడు లేకపోయెను. త్రాగుటకు అక్కరకు రాని బావి చెత్త వేయుటకు అక్కరకు వచ్చెను. పైనీరు చాలని యేడు మరల బావి జ్ఞప్తికి వచ్చును గాని, అప్పటికి దాని రుచి మారియుండును.

చాలని యేండ్లు త్వరలోనే వచ్చినవి. 1966 మొదలు 1969 వరకు ఐక్యరాజ్యసమితి సహాయముతో ఆరణి, కుశస్థలి నదుల ఒండ్రునేలలను శోధించి, భూమిలోపల పురాతన నదీమార్గములలో మంచినీరు పుష్కలముగా గలదని కనుగొనిరి. మీంజూరు, పంజెట్టి, తామరైపాకములలో బావులవరుసలు వెలసినవి. లోతైన గొట్టపుబావులనుండి విద్యుద్యంత్రములు రేయింబవళ్లు నీటిని తోడి నగరమునకును, ఉత్తరమున మణలి ప్రాంతపు కర్మాగారములకును పంపినవి. రైతులును తమ వరిచేలకు తోడుకొనిరి. ఒక కొట్టునకు ముగ్గురు తాళపుచెవులవారైనట్లు, నిలువ యెంతయో ఎవ్వరికిని పట్టలేదు. కడలికి సమీపమున నున్న మీంజూరు బావులు మొదట ఉప్పుదేరినవి. ఉప్పునీటి అంచు రెండు దశాబ్దములలో తీరమునుండి లోపలికి కిలోమీటర్ల కొలది జరిగినది. మొదట వరి మానిరి, పిదప త్రాగుట మానిరి.

ఇది యెట్లు జరుగునో కొంచెము వివరింపవలెను. మంచినీటికంటె సముద్రపునీరు స్వల్పముగా బరువు. మంచినీరు వేయి పాళ్లయినచో అది 1,025 పాళ్లు. ఆ కారణమున తీరభూమిలో మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును. 1888లో ఆమ్‌స్టర్‌డామ్ నీటిని గూర్చి వ్రాసిన బాడన్ గైబెన్ అను డచ్చి సైనిక ఇంజనీరును, 1901లో హెర్జ్‌బెర్గ్ అను జర్మనును వేరువేరుగా ఒక లెక్క చెప్పిరి. సముద్రమట్టముపై మంచినీరు ఒక అడుగు ఎత్తున నిలిచియున్నచో, మట్టము క్రింద సుమారు నలువది అడుగుల లోతువరకు మంచినీరుండును. వినుట కానందకరముగా నున్నది గదా. లెక్కను త్రిప్పి చదువుడు. పైన ఒక అడుగు తోడితిమేని క్రిందినుండి ఉప్పునీరు నలువది అడుగులు పైకి రాగలదు. అది నెమ్మదిగా వచ్చును, యేండ్లు పట్టును. తోడినవాడు కొడుకుచేతికి బావి నప్పగించిన పిదప వచ్చును. ఇంతకంటె క్రూరమైన చక్రవడ్డీని నేను ఏ ఖాతాలోను చూడలేదు. చెలమను లోతు చేయని పల్లెకారు బాడన్ గైబెన్ లెక్కను పూర్వమే ఎరిగియుండెనని చెప్పినచో అతిశయోక్తి కాదు.

ఉప్పగా నున్న నీరెల్ల సముద్రపు నీరే యని అనుకొనుట పొరపాటు. చెన్నపట్టణపు నేలనీటిని పరీక్షించు పండితులకు అసలు చిక్కు ఇదియే. ఉప్పు నాలుగైదు త్రోవలలో వచ్చును. కడలినుండి రావచ్చును. ఎన్నూరు పెనునీటినుండి, ఉప్పుమళ్లనుండి, ఆటుపోటులకు లోనైన బకింగుహాము కాలువనుండి ఇంకవచ్చును. ఎప్పుడో సముద్రము కప్పియుండిన దినములలో బంకమన్నున చిక్కుకొన్న పాత ఉప్పు కావచ్చును. మన మరుగుగుంట కావచ్చును, కర్మాగారపు మురుగు కావచ్చును. నాలుక వీని నన్నింటిని ఉప్పనియే చెప్పును. అందుచేత నీటిలో కరిగిన లవణములను ఒక్కొక్కదానిని విడదీసి సాక్ష్యమడుగవలెను.

మొదటి సాక్షి క్లోరైడు. దీనిని కొలుచుటకు సిల్వర్ నైట్రేట్ అను వెండి లవణమును వాడుదురు. రజతోత్సవవేళ వెండికిట్టి యుపయోగము గలదని తలచుకొనుట అసందర్భము కాదు. సముద్రపునీటిలో లీటరునకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడుండును. త్రాగునీట 250 వరకు సమ్మతమనియు, వేరు దిక్కులేనప్పుడు 1,000 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఇప్పుడు త్రైరాశికము చేయుదము. 50 మిల్లీగ్రాముల క్లోరైడు గల మంచిబావి నీటిలో నూటికి రెండుపాళ్లు కడలినీరు కలిసినచో 429 అగును, సమ్మతపు హద్దు దాటెను. నూటికి అయిదుపాళ్లు కలిసినచో ఇంచుమించు 1,000 అగును. నూరు చేదల బావిలో అయిదు చేదల సముద్రము చాలును, బావి పోయినట్లే.

రెండవ సాక్షి బైకార్బొనేటు. వాననీరు నేలలో దిగునప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు గాలిని గ్రహించి దీనిని సంపాదించును. మంచిబావిలో ఇది క్లోరైడు కంటె హెచ్చుగా నుండుట సామాన్యము. సముద్రమున క్లోరైడు ముందర ఇది లెక్కకు రానంత స్వల్పము. ఈ రెంటి నిష్పత్తిని చూచి కడలి చొరబాటును గుర్తింపవచ్చునని 1941లో రోజర్ రెవెల్ అను అమెరికా పండితుడు చూపెను. మూడవది మెగ్నీషియము. మంచినీట సున్నపుధాతువైన కాల్షియము హెచ్చు. సముద్రమున మెగ్నీషియము దానికి మూడింతలు. నాలుగవది నైట్రేటు. అది హెచ్చుగా నున్నచో తప్పు సముద్రునిది కాదు, మనది. మరుగుగుంటలు, కారు మురుగు గొట్టములు, పొలముల ఎరువులు దానికి మూలము. లీటరునకు 45 మిల్లీగ్రాములు దాటిన నీటిని చంటిబిడ్డలకు పట్టరాదు. కాచినంత మాత్రమున అది పోదు.

అన్నింటికంటె నన్ను ముగ్ధుని చేసినది బంకమన్ను సాక్ష్యము. బంకమన్ను తన రేకులపై కాల్షియమును పట్టియుంచుకొనును. ఉప్పునీరు క్రొత్తగా వచ్చినప్పుడు దానిలోని సోడియమును తీసికొని కాల్షియమును వదలును. అందువలన కడలి ముందునకు వచ్చుచున్నచోట నీరు ఉప్పనగుటకు తోడు కఠినమగును, పప్పు ఉడకదు, సబ్బు నురుగు రాదు. తిరిగి మంచినీరు వచ్చి కడలిని వెనుకకు నెట్టునప్పుడు మన్ను ఎదురు వ్యాపారము చేయును. కాల్షియమును పుచ్చుకొని సోడియమును ఇచ్చును. కనుక ఒక్క సీసా నీటిని చూచి, సముద్రము వచ్చుచున్నదో పోవుచున్నదో చెప్పవచ్చును. పటములు, శాసనములు లేని ఈ చరిత్రకు మంటిరేకులే తామ్రపత్రములు.

ఈ సాక్ష్యములను పట్టి చూడగా చెన్నపట్టణపు నేలనీటికి ఒకే రోగము గాదు. ఉత్తరమున మీంజూరు వైపు కడలి చొరవ గలదు. దక్షిణమున పల్లావరము, క్రోంపేటలలో తోళ్లు ఊనుటకు వాడిన క్రోమియము నేలలో దిగినది. పురాతనమైన పేటలలో నైట్రేటు హెచ్చు. కొడుంగైయూరు, పెరుంగుడిలలో దశాబ్దములుగా కుప్పవేసిన చెత్తనుండి కారు నీరు వేరొక రోగము. తండయారుపేటలో 2013లో భూమిలోని చమురు గొట్టము కారి బోర్లలో నీటితో పాటు చమురు వచ్చినది. ఒకే నగరమున ఒక వీథి బావికిని మరియొక వీథి బావికిని పోలిక లేదు. కావున నగరమంతటి సరాసరి చెప్పి తృప్తిపడువారి నివేదికలయందు నాకు గౌరవము తక్కువ. సరాసరిని ఎవ్వరును త్రాగరు గదా.

ప్రభుత్వము చేసినదియు వ్రాయవలెను. 1987లో చెన్నపట్టణ ప్రాంతమున నేలనీటిని తోడుటకు నిబంధనలు విధించుచు చట్టము చేసిరి. కరవు వచ్చినప్పుడు ప్రభుత్వమే చుట్టుపట్ల రైతులనుండి నీటిని కొనెను. వరి పండించుటకంటె మోటారు నడిపి నీరమ్ముట మేలని తోచిన రైతును నేను నిందింపను. ఆ పొలమున కూలి చేసి బ్రతికినవానికి మాత్రము నీటి సొమ్ములో పాలు రాలేదు, వాని గుడిసెయొద్ద చేదబావి యెండినది. తెలుగుగంగ కొరకు 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తలకు అయిదు టి.యం.సి.ల కృష్ణాజలము నిచ్చుటకు సమ్మతించినవి. 1983లో మనకును తమిళనాటికిని ఒడంబడిక జరిగెను. పదునైదింటిలో మూడు దారిలో ఆవిరికి పోగా పండ్రెండు సరిహద్దున అప్పగించుట నిర్ణయము.

2003లో తమిళనాడు ప్రభుత్వము ప్రతియింటి కప్పుపై పడిన వానను నేలలోనికి దింపవలెనని శాసించెను. దీనిని కొందరు పరిహసించిరి. పేరునకు మాత్రము గొట్టము పెట్టి మన్ను నింపినవారును గలరు. అయినను తరువాతి మంచివానలతో అనేక పేటలలో బావిమట్టము పైకి వచ్చినది, ఉప్పు తగ్గినది. ఇందు వానకు ఎంత కీర్తి, గుంటకు ఎంత కీర్తి అని విడదీయుట కష్టము. వాన లేనిచో గుంట వ్యర్థము, గుంట లేనిచో వాన కూవము పాలు. 2015 డిసెంబరులో నగరము నీట మునిగినది. నాలుగేండ్లు గడవకముందే 2019 వేసవిలో చెరువులెండి, జూలై 12వ తేదీన జోలారుపేటనుండి ఏబది పెట్టెల రైలులో 25 లక్షల లీటర్ల నీరు తెచ్చుకొనవలసి వచ్చెను. మునిగిన యేటి నీరు ఎచ్చటికి పోయెననునది ఏ లెక్కలవాడైనను అడుగవలసిన ప్రశ్న. మీంజూరు చేరువ తీరమున 2010లో సముద్రపునీటిని ఉప్పు తీసి దినమునకు పదికోట్ల లీటర్ల మంచినీరు చేయు కర్మాగారము వెలసినది. పిలువకయే నేలలోనికి వచ్చిన కడలిని, ఇప్పుడు సొమ్మిచ్చి ఇంటికి పిలిచికొనుచున్నారు.

ఇక మన మాట. మన గ్రామము కడలికి ఆమడలోపున నున్నది. రొయ్యలగుంటలు వచ్చిన నాటినుండి తూర్పువీథి బావులు త్రాగుటకు పనికిరాకున్నవి. తీరమున రొయ్యల సాగువలన త్రాగునీటి బావులు ఉప్పుదేరుటను గూర్చి సుప్రీముకోర్టువారు 1996లోనే తీర్పు చెప్పియున్నారు. అయితే మన బావులలోని యుప్పు గుంటలనుండి దిగినదా, క్రొత్త బోర్లు తోడగా కడలినుండి వచ్చినదా, రెండునునా? రచ్చబండయొద్ద ఎవరి పక్షమున వారు గట్టిగా చెప్పుచున్నారు. గుంటలవారిని, బోర్లవారిని విడదీసి ఊరిలో మాటలు లేకుండ చేసిన వివాదమిది. ఒక్కరియొద్దను ఒక్క అంకె లేదు. తూర్పువీథినుండి ఇప్పటికే కొన్ని కుటుంబములు లేచిపోయినవి.

అందుచేత ఈ యుత్సవ సందర్భమున గ్రంథాలయమున ఒక పుస్తకము తెరువవలెనని కార్యవర్గమును కోరితిని, వారు అంగీకరించిరి. ఒక్కొక్క బావికి ఒక్కొక్క పుట. వైశాఖ బహుళమున ఒకమారు, పుష్యమున ఒకమారు తాడు వదలి నీటిమట్టము కొలిచి వ్రాయవలెను. నీటి విద్యుద్వాహకశక్తిని చూపు చిన్న యంత్రమును ఉన్నతపాఠశాల విజ్ఞానోపాధ్యాయులు ఎరువిచ్చెదమనిరి. అది లవణము మొత్తమును తెలుపును. క్లోరైడు, బైకార్బొనేటు, కాల్షియము, మెగ్నీషియము, నైట్రేటుల కొరకు ఏటికొకమారు ఎంపిక చేసిన కొన్ని బావుల నీటిని సీసాలలో పట్టి జిల్లా ప్రయోగశాలకు పంపుదుము. సీసాను అదే నీటితో ముమ్మారు తొలిచి, గాలి లేకుండ నిండుగ పట్టవలెను. బోరునీటినైనచో మోటారు కొంతసేపు నడిపిన పిదప పట్టవలెను, లేనిచో గొట్టములో నిలిచిన నీరే వచ్చును. గుంటల యజమానులు, బోర్ల యజమానులు తమ బావులను గూడ పుస్తకమునకు ఎక్కింపవలెనని ప్రార్థన. గీతలు గీసిన పుస్తకము పత్రికల బల్లప్రక్క అరలో నున్నది. మొదటి పుట తూర్పువీథి చేదబావిది.